అరిసెలకు నెల పెట్టలేదు

ప్రశ్న: నమస్కారమండీ. మేము విజయవాడ సత్యనారాయణపురంలో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో ఉంటాము. మాకు ఇద్దరు పిల్లలు. పాపకు 6 ఏళ్ళు నిండాయి, బాబుకు 15వ నెల నడుస్తోంది. పాప 10వ నెలలోనే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. బాబు ఇంతవరకు నడవలేదు సరికదా, దోగాడను కూడా దోగాడలేదు. కూర్చున్న చోటి నుంచే ఒక కాలు మడిచి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ హాలంతా డేకుతూ తిరుగుతాడు. సోఫా పట్టుకుని నిలబడతాడు, పక్కకు నాలుగడుగులు వేస్తాడు, చెయ్యి విడిపిస్తే మాత్రం వెంటనే కూలబడతాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడు, కావలసినది వేలితో చూపిస్తాడు, 'అత్త', 'తాత', 'ఇయ్యి' అంటాడు. మా అత్తగారు పాప నడిచిన నాటి వీడియోను ఇంటికి వచ్చిన వారందరికీ చూపించి, "దీనికి ఈ వయసుకు పరుగే" అంటారు. ఆవిడ మనసులో ఏమీ ఉండదు, కానీ నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. వాకరు కొనమని మా తోటికోడలు పోరుతోంది.

పాప పుట్టినప్పుడు బీసెంట్ రోడ్డులో ఒక లావుపాటి నోటుపుస్తకం కొని, తొలి నవ్వు దగ్గర నుంచి దసరాలో మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రి మీద చేయించిన అక్షరాభ్యాసం దాకా అన్నీ తేదీలతో రాశాను. బాబు పుస్తకంలో బారసాల తరువాత ఒక్క పేజీ లేదు. వాడు ఎప్పుడు బోర్లా పడ్డాడో అడిగితే చెప్పలేను.

ఇంకొక మాట కూడా ఉంది. మొన్న భోగి నాడు ఇద్దరినీ పక్కపక్కనే పీటల మీద కూర్చోబెడితే, పాప లేచి, "నేను పెద్దదాన్ని, తమ్ముడికి నేనే పోస్తా"నంటూ దోసిట్లోకి రేగుపళ్ళూ చెరకు ముక్కలూ చిల్లరా తీసుకుని, వాడి చుట్టూ మూడుసార్లు తిప్పి తల మీద పోసింది. అందరూ మురిసిపోయారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. పోయిన వారం దానికి కింది ముందు పన్ను ఊడింది. మా చిన్నతనంలో పెంకుటింటి కప్పు మీదకు విసిరేవాళ్ళం. మాకు సొంత కప్పు లేదు కాబట్టి మా వారు దానిని డాబా మీదకు తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకు గది మీదకు విసిరించారు. మూడోసారికి గాని పన్ను పైన నిలవలేదట. చిన్నవాడు ఎదగడం లేదని ఒక దిగులు, పెద్దది ఎదిగిపోతోందని ఇంకొక దిగులు. ఈ రెండూ ఒకే మనిషికి ఒకేసారి ఉండడం తెలివితక్కువతనమేనా?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: ముందు బాబు సంగతి చూద్దామమ్మా, మీ దిగుళ్ళలో త్వరగా తేలేది అదొక్కటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి 5 దేశాలలో 800 మందికి పైగా ఆరోగ్యవంతులైన పిల్లలను క్రమం తప్పకుండా పరిశీలించి, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో, ఎప్పుడు నిలబడ్డారో, ఎప్పుడు నడిచారో నమోదు చేసి, ఆ లెక్కను 2006లో ప్రచురించింది. అందులో పిల్లలు ఆసరా లేకుండా నడవడం 8 నెలలు దాటిన దగ్గర నుంచి 17 నెలలన్నర దాకా పరచుకుని ఉంది. మీ పాప ఆ దారిలో ముందు వరుసలో ఉంది, బాబు వెనక వరుసలో ఉన్నాడు, అంతే తప్ప వాడు దారి తప్పిపోలేదు. అదే పరిశీలనలో నూటికి సుమారు నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ళూ ఆనించి దోగాడకుండానే నడకకు వచ్చేశారు. దోగాడకపోవడం దానంతట అది లోపం కాదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చినది 'డేకుతూ' అన్న మాట. బోర్లా పడటం, పాకడం, దోగాడటం, డేకడం, తప్పటడుగులు వేయడం అని ఒక్కొక్క కదలికకూ విడిగా మాట పెట్టుకున్న భాష మనది. డేకే పిల్లలు అన్ని కాలాలలోనూ ఉండబట్టే ఆ మాట పుట్టి ఉంటుంది. కూర్చునే ఊరంతా తిరగగలిగిన వాడికి లేచి నిలబడవలసిన అవసరం తొందరగా కలగదు కాబట్టి, ఇలాంటి పిల్లలు తరచు ఆలస్యంగానే నడుస్తారు. ఈ అలవాటు కుటుంబాలలో వస్తూ ఉంటుంది కూడా. కనుక ఈసారి అత్తగారు ఫోను బయటకు తీసినప్పుడు, మీ వారు పసితనంలో దోగాడారో డేకారో నెమ్మదిగా అడిగి చూడండి. ఆవిడ కొంచెం ఆలోచించి ఫోను పక్కన పెడితే నేను ఆశ్చర్యపోను.

అలాగని కళ్ళు మూసుకుని కూర్చోమనడం లేదు. 18 నెలలు నిండినా నాలుగడుగులు సొంతంగా వేయకపోతే, "వాడి మేనమామా ఆలస్యంగానే నడిచాడు" అని సరిపెట్టుకోకుండా పిల్లల వైద్యుడికి చూపించాలి. కాళ్ళు మరీ బిగుసుకుపోయినట్టు గాని మరీ వదులుగా గాని ఉన్నా, ఎప్పుడూ ఒక పక్క చెయ్యీ కాలే వాడుతున్నా, పిలిస్తే పలకకపోయినా ఆ 18 నెలల దాకా కూడా ఆగకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, వచ్చిన మాట గాని వచ్చిన పని గాని మళ్ళీ పోయిందంటే, ఏ వయసులోనైనా సరే, ఆ వారంలోనే వెళ్ళాలి. మీరు రాసిన దానిలో ఇవేవీ లేవు. పైగా వేలితో చూపించడం, పిలిస్తే తిరగడం, సోఫా వెంబడి నడవడం ఉన్నాయి. ఎటూ 16 నెలలు నిండాక తట్టు–రుబెల్లా టీకా రెండో మోతాదుకూ, డీపీటీ బూస్టరుకూ తీసుకువెళ్ళాలి కదా, ఆ రోజు తల్లీబిడ్డల రక్షణ కార్డుతో పాటు వాడు డేకుతున్న వీడియో ఒకటి డాక్టరుగారికి చూపించండి. ఒక నిమిషం వీడియో పది మాటల వర్ణన కంటే ఆయనకు ఎక్కువ పనికి వస్తుంది. ఆయన ఇంకా పరీక్షలు అవసరమంటే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి ఎదుగుదల ఆలస్యాలను ప్రభుత్వమే ఉచితంగా పరీక్షిస్తోందని గుర్తు పెట్టుకోండి.

వాకరు మాత్రం కొనకండి. పిల్లవాడిని మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ చక్రాలు తిరిగే ఆ బండి నడక నేర్పదు. కాలివేళ్ళతో తన్నుకుంటూ జారిపోవడం నేర్పుతుంది, తన బరువు తాను మోసుకోవలసిన అవసరం లేకుండా చేస్తుంది. పైగా మీది రెండో అంతస్తు. తలుపు ఓరగా తెరిచి ఉన్న ఒక్క క్షణం చాలు, మెట్లు ఎదురుగా ఉంటాయి. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. మన పాతకాలపు మూడు చక్రాల చెక్క నడకబండి వేరు. పిల్లవాడు తనంతట తాను లేచి నిలబడి దానిని తోయాలి, కనుక బాబు నిలకడగా నిలబడడం మొదలుపెట్టాక, మీరు పక్కన ఉండగా దానితో ఆడుకోనివ్వవచ్చు. ఈలోగా చెప్పులు లేని కాళ్ళూ, జారని నేలా, సోఫాకు రెండడుగుల దూరంలో ఒక కుర్చీ, దాని మీద వాడికి ఇష్టమైన గిన్నె ఉంటే సరిపోతుంది.

ఇక పోలిక మాట. మన ఇళ్ళలో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు అన్నారు. పసిపిల్లల ఎదుగుదలకు ఇంత రుచికరమైన పట్టిక మరొకటి నేను చూడలేదు. కానీ అందులో ఎక్కడా నెల లేదు, గమనించారా? ఏ నెలలో అడుగులేయాలో చెప్పకుండా, వేసిననాడు ఏమి వండాలో మాత్రమే చెప్పి ఊరుకున్నారు. నెలల లెక్క వైద్యుడి దగ్గర ఉండవలసినదే, అది అవసరమైనదే. అయితే అది వాడికి సాయం ఎప్పుడు కావాలో తెలుసుకోవడానికి గాని, అక్కను తమ్ముడికి కొలబద్దగా నిలబెట్టడానికి కాదు. బాబును పోల్చవలసింది పోయిన నెల బాబుతోనే.

నోటుపుస్తకం గురించి మీరు పడుతున్న అపరాధభావం నాకు బాగా తెలుసు. మా పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు మేము గుంటూరు బ్రాడీపేటలో అద్దెకు ఉండేవాళ్ళం. (అక్కడ లైనుకూ అంకే, అడ్డరోడ్డుకూ అంకే కాబట్టి చుట్టాలకు చిరునామా చెప్పడమంటే ఎక్కం చెప్పినట్టే ఉండేది.) నేను పిల్లల కోసం పుస్తకమేదీ రాయలేదు, ఇంటి ఖర్చుల డైరీ మాత్రం రోజూ రాసేదాన్ని. మొన్నామధ్య అటక సర్దుతుంటే అది దొరికింది. ఏ పండుగా లేని ఒక జులై రోజున 'పచ్చిశనగపప్పు కిలో, బెల్లం కిలో, నెయ్యి పావు' అని ఉంది. ఏమిటా అని చాలాసేపు ఆలోచించాను. మా రెండోవాడు బోర్లా పడ్డ వారం అది! ఇంకొన్ని నెలల తరువాత 'పాలు అర లీటరు అదనం', ఆ తరువాత 'తడి బియ్యం మర కూలి', ఆ మరుసటి వారమే 'కీచు చెప్పులు 1 జత' అని వరసగా ఉన్నాయి. వేళ్ళు మడిచి లెక్క వేస్తే, వాడు నడిచింది 17వ నెలలో. ఆ ఆలస్యానికి నేను అప్పట్లో ఎంత కుమిలిపోయానో నా చెల్లెలు ఇప్పటికీ చెబుతుంది. నాకు మాత్రం అసలు ఆలస్యమైనట్టే గుర్తు లేదు.

మీ బాబు చరిత్ర కూడా ఎక్కడో ఒకచోట రాసే ఉంది. మీరు ఫోనుతో చెల్లించిన డబ్బుల చిట్టా తెరవండి, బంధువులకు పంపిన ఫొటోల కింద తేదీలు చూడండి. తేదీ దొరకని చోట పండుగ పేరు వేయండి. వాడికిప్పుడు 15వ నెల అంటే శ్రావణమాసం నాటికి కూర్చునే ఈడు. వరలక్ష్మీ వ్రతం ఫొటోలలో పీట మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడో, ఎవరి ఒళ్ళో అయినా ఉన్నాడో చూస్తే చాలు, ఒక పేజీ నిండుతుంది. రెండో బిడ్డ పుస్తకం ఖాళీగా ఉండడానికి కారణం ప్రేమ తగ్గడం కాదు, ఆ పూట మీ చేతిలో కలానికి బదులు పెద్దదాని జడ ఉండడం. ఆ ముక్క కూడా రాసి పెట్టండి, వాడు పెద్దయ్యాక చదువుకుని నవ్వుకుంటాడు.

పాప విషయంలో మీరు వంటింట్లో ఏడవడం తెలివితక్కువతనమని నేననను. చిన్నవాడి విషయంలో మీకు చేయడానికి పని ఉంది; కుర్చీ దగ్గరకు జరపవచ్చు, డాక్టరును అడగవచ్చు, అత్తగారి మీద విసుక్కోవచ్చు. పెద్దది పీట మీద నుంచి లేచినప్పుడు మాత్రం మీరు చేయవలసిన పని ఏదీ కనబడలేదు. ఐదేళ్ళుగా మీరు పోస్తుంటే కింద కూర్చున్న పిల్ల ఒక్కసారిగా పోసే చేతుల వైపుకు వచ్చేసింది, మిమ్మల్ని అడగనైనా అడగలేదు. కానీ ఒకటి చూడండి: మూడుసార్లు తిప్పి పోయాలని దానికి ఎవరూ పాఠం చెప్పి ఉండరు. దిష్టి తీస్తున్న మీ చేతుల కిందే అది ఇన్నేళ్ళూ కూర్చుంది.

ఊడిన పన్ను గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఇది చాలా ఇళ్ళలో గమనించని సంగతి. ముందు పన్ను ఊడితే ఇల్లంతా సందడి. అదే 6వ ఏట, 20 పాలపళ్ళకూ వెనకగా, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు మూలలా తొలి శాశ్వత దంతాలు మెల్లగా మొలుస్తాయి. వాటిని కూడా పాలపళ్ళే అనుకుని, ఎటూ ఊడిపోయేవే కదా అని తోమించడంలో అశ్రద్ధ చేస్తారు, అవి పుచ్చిపోతాయి. అవి ఊడితే మళ్ళీ రావు. ఇవాళ రాత్రి టార్చిలైటు వేసి పాప నోటిలో చివరికంటా చూడండి. నోటుపుస్తకంలో రాయడానికి మీకు కొత్త సంగతి దొరకవచ్చు, దానిని పడుకోబెట్టే ముందు మీరు చేయవలసిన పని కూడా ఒకటి దొరుకుతుంది.

బాబు నడిచిన రోజున అరిసెలు తప్పక చేయించండి. పరిచిన అరిసెల మీద పిల్లవాడిని నడిపించి, ఇరుగుపొరుగుకు పంచే ఆనవాయితీ మీ ఇంట్లో ఉంటే, పాకం చూసుకోవడం అత్తగారికి వదిలేసి, గుడ్డ పరిచి అరిసెలు వరుసగా పేర్చే పని పాపకు అప్పగించండి. అంతకు ముందే బియ్యం నానబోయనివ్వకండి. ఆ సందట్లో తేదీ రాయడం మీరు మరచిపోయినా పరవాలేదు, మరకు ఇచ్చిన డబ్బు ఫోనులో ఉండనే ఉంటుంది.