కొత్తగా కృతులు రాస్తున్న అబ్బాయికి

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు కృతులనూ నాలుగు రోజులుగా తంబురా శ్రుతిలో పాడి చూసుకుంటున్నాను. మొదటిదాని పల్లవి చక్కగా కుదిరింది. మిగిలిన రెండూ నువ్వే కల్పించిన నాలుగు స్వరాల రాగాల్లో ఉండటం వల్ల ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారు షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం మాత్రమే తీసుకుని లవంగి రాగాన్ని నిలబెట్టిన మాట నిజమే. అయితే యౌవనంలోనే మిగతా రాగాలన్నిటికీ మూలమైన 72 మేళకర్త రాగాలలోనూ కృతులు రచించి, 1952లో ‘జనకరాగ కృతి మంజరి’గా వెలువరించినదీ ఆయనే. స్వరాలు తగ్గేకొద్దీ సంచారానికి చోటు తగ్గుతుంది కనుక, ఎక్కడ నిలవాలో, ఏ స్వరాన్ని ఎంత కదిలించి గమకం ఇవ్వాలో బాగా తెలిసినవాడికే అటువంటి రాగం లొంగుతుంది. కొంతకాలం తోడి, కల్యాణి, ఖరహరప్రియ వదలకు. అందరూ పాడిన రాగంలో ఒక పంక్తిని కొత్తగా మలిచే నీదైన ఒక్క సంగతి దొరికినా నాకు గొప్ప సంతోషం.

సాహిత్యం విషయంలో నేను చేసిన పొరపాటు చెబుతాను. నాట్యానికి రాసిన నా తొలి పదవర్ణంలో ‘వేచితిని’ అన్న మాట ఉంది. ఆది తాళంలో సమం మీద, అంటే మొదటి దెబ్బతోనే, ఎత్తుకోవడంతో ‘వేచి’ దగ్గర స్వరం సాగింది. పాడిన అమ్మాయి అక్కడే ఊపిరి తీసుకుని ‘తిని’ని విడిగా అందుకుంది. విరహం పలకవలసిన చోట అర్థమే చెడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎత్తుగడను తాళంలో అర అక్షరం కాలం వెనక్కి జరిపాక మాట ఒక్కటిగా నిలిచింది. నీ రెండో కృతి అనుపల్లవిలోనూ ఇదే దోషం ఉంది.

ఇక జీవనం సంగతి. కృతులు రాయడం ఒక్కదానితో ఇల్లు గడవదు, పాఠాలు చెప్పక తప్పదు. కూచిపూడి గురువులు తిల్లానాలు, జతులు అడిగితే కాదనకు. అడుగుల కొలతకు రాయడం గట్టి సాధన. పారితోషికం ముందే మాట్లాడుకో. స్వరలిపిలో గమకం పూర్తిగా దిగదు కాబట్టి ప్రతి రచననూ స్వయంగా పాడి రికార్డు చేసి ఉంచు.

ఆ అనుపల్లవిని రెండు ఎత్తుగడలతోనూ రాసి, పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధనకు వచ్చినప్పుడు నాకు పాడి వినిపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు