మతిమరుపు జబ్బు ఉన్న అమ్మ రాత్రి సీప్యాప్ మాస్క్ పీకేస్తుంటే ఏం చేయాలి?
సీప్యాప్ అంటే నిద్రలో ఊపిరి ఆగిపోకుండా మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం. దాని మాస్క్‌ని రాత్రి గొడవపడకుండా, ముందు పగటిపూట మెలకువలో అలవాటు చేయాలి. డిమెన్షియాలో, అంటే ఈ మతిమరుపు జబ్బులో, నిన్న చెప్పిన కారణం ఇవాళ గుర్తుండదు. రోజూ ఒకే వేళకు, ఒకే వరసలో చేసే పని మాత్రం మెల్లగా అలవాటవుతుంది. ఉదాహరణకు, చెన్నైలో ఏసీ గదిలో పడుకునే అమ్మకి సాయంత్రం టీవీ ముందు గొట్టం లేని మాస్క్ చేతికివ్వండి. కొన్నాళ్లకు ముక్కుకి ఆనించండి, తర్వాత 5 నిమిషాలు గాలితో. తక్కువ ఒత్తిడితో మొదలయ్యే ర్యాంప్ సెట్టింగ్ ఆన్‌లో ఉంచండి. ముక్కు ఎండిపోతుంటే గాలికి తేమ కలిపే హ్యూమిడిఫైయర్ వాడండి, అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి.

గాలి లీకైతే పట్టీలు బిగించాలనుకుంటారు చాలామంది. మరీ బిగిస్తే మాస్క్ అంచు కుషన్ నలిగి లీకు పెరుగుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. ఆ నొప్పికే ఇంకా పీకేస్తారు. చేతులు కట్టడం అసలే వద్దు: వాంతైతే మాస్క్ తీసుకోలేక అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.