హెదర్ మొక్కలు మధ్యలో ఎండిపోతే మొదలంటా కొట్టేయవచ్చా?

వద్దండి, దయచేసి కొట్టేయకండి. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మీరు కొత్తగా తీసుకున్న ఇంటి ముందు హెదర్ (చలి దేశాల్లో పెరిగే పొట్టి పూలపొద) గుబుర్లు మధ్యలో ఎండుపుల్లలై, కొసలకే పూస్తున్నాయన్నారు. నేలదాకా కత్తిరించి పశువుల ఎరువు వేద్దామనుకుంటున్నారు. మల్లెపొదకు ఆ వైద్యం సరిపోతుంది, హెదర్‌కు సరిపోదు. ఆకుల్లేని ముదురు కొమ్మ నుంచి ఇది చిగురు వేయడం చాలా అరుదు.

ముందు గుబురును వేళ్లతో విడదీసి లోపలికి చూడండి. గోధుమరంగు కాడ మీద ఒకచోట నుంచి సన్నటి పచ్చటి ఆకులు మొదలవుతాయి. కత్తెర అంతకంటే కిందికి దిగకూడదు. వాడిన పూలకంకి పోవాలి, దాని కింద కొంత పచ్చదనం మిగలాలి, అంతే. ఏటా ఇలా చేస్తే మధ్యలో బోడి పడదు.

ఎప్పుడు కత్తిరించాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో పూసేది కలూనా, స్కాట్లాండ్ కొండల్ని ఊదారంగుకు తిప్పేది అదే. దాన్ని మార్చి, ఏప్రిల్ దాకా కదపకండి. ఎండు కంకులు చలికాలమంతా కొమ్మలకు రక్షణ. చలికాలంలో పూసే ఎరికా కార్నియాను మాత్రం పూలు అయిపోగానే కత్తిరించాలి, ఆలస్యమైతే వచ్చే ఏటి పూత పోతుంది.

ఎరువు అసలు వద్దు. బీడు కొండల మొక్క, బలం ఎక్కువైతే కొమ్మలు సాగిపోయి గుబురు చెదురుతుంది. దానికి కావలసింది ఎండ, నీరు నిలవని నేల, పుల్లటి మట్టి. కలూనాకైతే పీహెచ్ (మట్టి పులుపును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 లోపు ఉండాలి. మీవైపు కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, అది ఆ పులుపును తగ్గిస్తుంది, పైగా గోడవారన సిమెంటు పెళ్లలు కలిసిన మట్టి ఉండొచ్చు. నేనుండే ఎడిన్‌బరాలో కుళాయి నీళ్లలో సున్నం తక్కువ కాబట్టి నాకు ఆ బాధ లేదు. లండన్‌లో మా చెల్లి కుండీలో ఆకులు పసుపు తిరిగితే డ్రమ్ములో పట్టిన వాన నీళ్లకు మార్చింది. పాత ఆకుల రంగు మారలేదు కానీ కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాయి. మీ మట్టిలో సున్నం ఉందని తేలితే కార్నియా రకాలే నాటండి, కొంతవరకు తట్టుకుంటాయి.

ఇక ఆ ముసలి గుబుర్లను అంటు తొక్కి కాపాడుకోవచ్చు. వసంతంలో వేళ్లతో సహా తవ్వి, కొసలు మాత్రమే పైకి కనిపించేలా లోతుగా పాతి, కొమ్మల సందుల్లో ఇసుక కలిపిన మట్టి నింపండి, తడి ఆరనివ్వకండి. శరదృతువుకల్లా పాతిన కాడలకు వేళ్లు వస్తాయి, వాటిని విడదీసి నాటుకోవచ్చు. మా పెరటి వాలు మీద పాత యజమాని వదిలిన గుబుర్లను ఇలాగే నిలబెట్టుకున్నాను. ఇప్పుడున్నవన్నీ వాటి పిల్లలే.

సెప్టెంబరులో సూపర్‌మార్కెట్లలో నీలం, పసుపు రంగుల్లో అమ్మే హెదర్లు కొనకండి. చాలావాటికి అది పైన కొట్టిన రంగే. ఎరికా గ్రాసిలిస్ అని చీటీ ఉంటే అది దక్షిణాఫ్రికాది, గడ్డకట్టే చలికి చచ్చిపోతుంది. ఏది కొన్నా నాటేముందు కుండీతో సహా బకెట్ నీళ్లలో నానబెట్టండి. వేళ్ల ముద్ద ఒకసారి ఎండిందంటే పైన పోసిన నీరు లోపలికి దిగదు.