పోటు తగ్గింది సరే, పన్ను బతికే ఉందా?

ప్రశ్న: నా వయసు 42. షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. కింది దవడ పన్ను పుచ్చింది. మొదట్లో చల్లటివి తాగితే జివ్వుమనేది. తర్వాత వేడి తగిలితే చాలాసేపు పోటు పెట్టేది. నాలుగు నెలలుగా త్రిఫల కషాయంతో పుక్కిలిస్తున్నాను. మధ్యలో నొప్పి ఎక్కువైతే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ రెండు రోజులు వేసుకున్నాను. మూడు వారాలుగా నొప్పి లేదు. క్రిములు పూర్తిగా పోవాలంటే కషాయంలో లవంగ నూనె కూడా కలపవచ్చా? మా నాలుగేళ్ల పాపకూ పళ్లు పుచ్చాయి, తనకూ ఇదే ఇవ్వవచ్చా?

జవాబు: కషాయం సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసినదాంట్లో నన్ను కలవరపెట్టింది ‘మూడు వారాలుగా నొప్పి లేదు’ అన్న మాట.

చల్లదనానికి జివ్వుమని వెంటనే సర్దుకునే పన్ను వేరు, వేడి తగిలాక నిమిషాల తరబడి పోటు పెట్టే పన్ను వేరు. రెండో దశకు వచ్చిందంటే పుచ్చు నరం దాకా పాకి, నరం వాచిందని అనుమానించాలి. అలాంటి పోటు ఏ చికిత్సా లేకుండా మాయమైతే, తరచూ నరం చచ్చిపోవడమే కారణం. నొప్పి తెలిపే నరమే లేనప్పుడు నొప్పి తెలియదు. ఇన్ఫెక్షన్ మాత్రం వేరు కొస దాటి ఎముకలోకి చాపకింద నీరులా పాకుతుంది. పన్ను చూడకుండా, ఎక్స్-రే లేకుండా మీకు ఇదే జరిగిందని చెప్పను. కాదని తేలేదాకా మాత్రం అదే అనుకుని ఈ వారంలోనే దంతవైద్యుణ్ని కలవండి. పన్ను రంగు మారడం, నమిలితే నొప్పి, చిగురు మీద చీము బుడిపె ఉన్నాయేమో చూసుకోండి. అవి లేవని మాత్రం ఆగిపోవద్దు. దవడ కింద వాపు, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. షుగర్ ఉన్నవారిలో ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది, అది షుగర్‌నూ పెంచుతుంది.

మిగిలిపోయిన యాంటీబయాటిక్ ఎందుకు వేసుకున్నారండీ? నరం చచ్చిన పంటి లోపలికి రక్తం అందదు, కాబట్టి మందూ చేరదు. మూలం లోపలే ఉండిపోతుంది. చికిత్స మాత్రం వాయిదా పడుతుంది. నాలుగు నెలల కిందటే చూపించుకుని ఉంటే ఫిల్లింగ్‌తో పోయేదేమో. ఇప్పుడు రూట్ కెనాల్ (పాడైన నరాన్ని తీసి, లోపల శుభ్రం చేసి మూసేసే చికిత్స) అవసరం కావచ్చు, పన్ను మరీ పాడైతే తీసేయాల్సి రావచ్చు.

ఇక పుక్కిలింత. త్రిఫలలోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) పళ్లు పుచ్చడానికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి క్రిములను కొంత అణుస్తాయి, కాదనను. అయితే లాలాజలంలో క్రిములు తగ్గినంత మాత్రాన పుచ్చు ఆగదు. క్రిములు పాచిలో జిగురు పొర కట్టుకుని దాక్కుంటాయి. 30 సెకన్లు నోట్లో తిరిగే ద్రవం ఆ పొర పైపైనే తాకుతుంది, గుంత అడుగున మెత్తబడిన భాగానికి చేరదు. పైగా ఉసిరి వల్ల త్రిఫల కషాయం పుల్లనిది. రోజుకు ఐదారుసార్లు పుక్కిలిస్తే పంటి పైనుండే గట్టి పొర ఎనామెల్‌కు మంచిది కాదు, టానిన్లతో మరకలూ పడతాయి. లవంగ నూనె కలపొద్దు. అది నీళ్లలో కరగక చుక్కలుగా తేలి, తగిలినచోట చిగురును కాల్చేస్తుంది. దాని తిమ్మిరి నొప్పిని కప్పిపెడుతుంది కూడా.

చికిత్స మొదలయ్యాక మీ వైద్యుడు సరేనంటే, పలచటి కషాయం వడకట్టి, చల్లారాక 10 మి.లీ. చొప్పున రోజుకు ఒకసారి పుక్కిలించి ఉమ్మేయండి. ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. బ్రష్ చేసిన వెంటనే వద్దు, పేస్టులోని ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. పుచ్చును అడ్డుకోవడంలో అసలు పని చేసేది ఆ ఫ్లోరైడే. ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకుని, నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేయండి. క్రిములను చంపే మౌత్‌వాష్ క్లోర్‌హెక్సిడిన్‌ను వైద్యుడు రాసినన్ని రోజులే వాడాలి. ఎక్కువ కాలం వాడితే పళ్లు గోధుమ రంగుకు మారతాయి, రుచి తెలియదు.

పాపకు ఏ మౌత్‌వాషూ వద్దు. ఆరేళ్లలోపు పిల్లలు పుక్కిలించేదాన్ని మింగేస్తారు. లవంగ నూనె కడుపులోకి వెళ్తే ప్రమాదం, సీసా తనకు అందకుండా పెట్టండి. బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో మీరే తోమండి. పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే అనుకోవద్దు. వాటి ఇన్ఫెక్షన్ కింద తయారవుతున్న శాశ్వత దంతాన్ని దెబ్బతీయవచ్చు. మీరు వెళ్లేటప్పుడు తననూ తీసుకెళ్లండి.