‘క్రానిక్’ అని రాశారని బీమా ఆపేశారు... డాక్టర్ సలహా

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. వయసు 36. వీణలు చెక్కే పని. రెండేళ్ల క్రితం సంక్రాంతి రోజుల్లో కుడి కన్ను ఎర్రబడి నొప్పి పెట్టింది. పనస చెక్క పొట్టు పడిందనుకున్నాను. ఊళ్లో కళ్లకలక అని చుక్కల మందు ఇచ్చారు. తగ్గకపోతే విజయనగరంలో చూపించాను, యువైటిస్ (కంటి లోపలి వాపు) అన్నారు. చుక్కలు వేస్తున్నంత కాలం బాగుంటుంది, ఆపిన నెలలోపే మళ్లీ మొదలు. ఇప్పుడు విశాఖలో అదే కంటికి శుక్లం వచ్చింది, ఆపరేషన్ చేయాలంటున్నారు. పాలసీ తీసుకుని రెండున్నరేళ్లు దాటింది. ‘ఇది క్రానిక్ జబ్బు, పాలసీకి ముందే ఉందా? వివరణ ఇవ్వండి’ అని బీమా వాళ్లు ఆపేశారు. చీటీల్లో హెచ్10.9, హెచ్20.0, హెచ్20.11, హెచ్26.2 అని ఒక్కోచోట ఒక్కో నంబరు ఉంది. నాకు ఇన్ని జబ్బులా? డాక్టర్లందరినీ ఒకే నంబరు వేయమని అడగవచ్చా?

జవాబు: మీకున్న అసలు జబ్బు ఒక్కటే. దాని వల్ల వచ్చిన శుక్లం రెండోది. టెన్షన్ పడకండి, నంబర్లు మార్పించే పని మాత్రం వద్దు. పాత చీటీ దిద్దినట్టు కనిపిస్తే బీమా కంపెనీకి అనుమానం తగ్గదు, పెరుగుతుంది.

ఆ నంబర్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసీడీ-10 అనే జబ్బుల పట్టికలోవి. హెచ్10 అంటే కళ్లకలక. మొదటిసారి కన్ను ఎర్రబడి వచ్చినవాళ్లకు చాలాచోట్ల ఇదే రాస్తారు. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప యువైటిస్ తేలదు కాబట్టి ఆ చీటీని తప్పుపట్టలేను. హెచ్20.0 అంటే కంటి ముందు భాగంలో, కనుపాప చుట్టూ ఉండే రంగు పొరలో హఠాత్తుగా వచ్చిన వాపు. హెచ్20.1 అంటే అదే వాపు క్రానిక్‌గా మారింది. మీ చీటీలో చివర అదనంగా ఉన్న 1 కుడి కన్నుకు గుర్తు. అమెరికా వాళ్లు ఈ పట్టికను తమకు అనుకూలంగా పెంచుకున్నారు, కొన్ని ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్‌లో ఆ పట్టికే ఉంటుంది. ఇక హెచ్26.2 అంటే వేరే కంటి జబ్బు వల్ల వచ్చిన శుక్లం. 36 ఏళ్లకు వయసు శుక్లం అని హెచ్25 వేసి ఉంటే నేనే ఆశ్చర్యపోయేవాణ్ని. వరుసగా చదివితే నాలుగూ ఒకే కథ చెబుతున్నాయి.

అసలు పేచీ ‘క్రానిక్’ దగ్గర వచ్చింది. బీపీ, షుగర్ ఫైళ్లు చూసే కళ్లతో చూస్తే అది ఏళ్ల తరబడి ఉన్న జబ్బులా కనిపిస్తుంది. యువైటిస్‌లో లెక్క వేరు. 2005లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ప్రచురించిన నిర్వచనాల ప్రకారం, మందు ఆపిన మూడు నెలల్లోపే వాపు తిరిగి వస్తే క్రానిక్. మందు లేకుండా మూడు నెలలో అంతకంటే ఎక్కువో ప్రశాంతంగా ఉండి మళ్లీ వస్తే దాన్ని రికరెంట్ అంటారు. మీకు నెలలోపే తిరగబెడుతోంది కాబట్టి క్రానిక్ అని రాయడం సరైనదే. పాలసీకి ముందే ఉందని మాత్రం దానికి అర్థం కాదు.

కాబట్టి విశాఖలో చూస్తున్న డాక్టర్‌ను ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం అడగండి. మొదటిసారి లక్షణాలు కనిపించిన నెల, సంవత్సరం, ఏ కన్ను, ఏ భాగం, మందు ఆపిన ఎన్నాళ్లకు తిరగబెట్టింది, క్రానిక్ అని ఏ లెక్కన రాశారు, శుక్లం దేనివల్ల వచ్చింది, ఇవన్నీ మాటల్లో ఉండాలి. దానికి ఊళ్లో ఇచ్చిన కళ్లకలక చీటీ జతచేయండి. పనికిరాదనుకుంటున్న ఆ కాగితమే మీకు పెద్ద సాక్ష్యం, ఎందుకంటే తేదీ పాలసీ తర్వాతది. చాలా పాలసీల్లో శుక్లం ఆపరేషన్‌కు రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది. మీది దాటింది, అయినా పాలసీ కాగితంలో ఒకసారి చూసుకోండి. పాలసీకి ముందు ఎప్పుడైనా ఇలాగే కన్ను ఎర్రబడి చూపించుకుని ఉంటే దాచకండి. అప్పటికీ కాదంటే కంపెనీలోని ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు ఉండదు.

బీమా సంగతి అలా ఉంచితే, మీ ఉత్తరంలో నాకు కనిపించని విషయం ఒకటుంది. కారణం వెతికారా? ఒకే కంట్లో పదేపదే వస్తుంటే క్షయ, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తులు వంటి చోట్ల చిన్న చిన్న గడ్డలు కట్టే జబ్బు), హెర్పిస్ వైరస్ లాంటివి చూడాలి. ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష (క్షయ కోసం చర్మం మీద చేసేది), కొన్ని రక్త పరీక్షలు అవసరం కావచ్చు. పొద్దున్నే నడుం పట్టేసి, అటూ ఇటూ తిరిగాక సర్దుకుంటుందా? వంగి కూర్చునే పని కదా అని దాన్ని వదిలేయకండి, వెన్నెముక కీళ్లవాతానికీ కంటి వాపుకూ సంబంధం ఉంటుంది. డాక్టర్‌కు చెబితే హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే రక్త పరీక్ష రాస్తారు. కారణం దొరికితే చీటీలో ఇంకో నంబరు చేరుతుంది, అప్పుడు కంగారు పడొద్దు. పనస పొట్టు వల్ల కన్ను మండుతుంది, గీసుకుంటుంది. ఇలా రెండేళ్లు వెంటాడే వాపు దానివల్ల రాదు. అయినా చెక్కేటప్పుడు అద్దాలు పెట్టుకోండి.

శుక్లం ఆపరేషన్‌కు తొందర లేదు. యువైటిస్ ఉన్న కంటికి వాపు పూర్తిగా అణిగి కనీసం మూడు నెలలు అలాగే ఉన్నాక చేయడం మంచిది. బీమా ఆలస్యం ఆ గడువులో కలిసిపోవచ్చు. ఈలోగా స్టెరాయిడ్ చుక్కలు మీ అంతట మీరు ఆపొద్దు. డాక్టర్ చెప్పిన లెక్కలో నెమ్మదిగా తగ్గించాలి. ఎర్రబడింది కదా అని మెడికల్ షాపులో అడిగి వేసుకోనూ వద్దు. ఆ చుక్కలతో కంటి ప్రెషర్ పెరుగుతుంది, శుక్లమూ ముదురుతుంది. వెళ్లిన ప్రతిసారీ ప్రెషర్ చూపించుకోండి. చుక్కలతోనే నెగ్గుకురాలేకపోతే ఒంట్లోని రోగనిరోధక శక్తిని అదుపుచేసే మెథోట్రెక్సేట్ లాంటి మాత్రల గురించి డాక్టరే మాట్లాడతారు. వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నొప్పి పెరగడం జరిగితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి.