పదికి తొమ్మిదున్న స్కూలు

సౌమ్యా,

టెక్సస్‌లో ఫ్రిస్కో వైపు ఇల్లు చూస్తున్నారనీ, చంటిదాన్ని ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో వేస్తారనీ మీ అమ్మ చెప్పింది. నిన్నగాక మొన్న నువ్వు పలక పట్టుకున్నట్టుంది, అప్పుడే నీ కూతురికి బడి! సంతోషం. కానీ "పదికి తొమ్మిదున్న స్కూలు దొరికింది పెద్దమ్మా" అన్న నీ మెసేజ్ చూశాక గుబులు పట్టుకుంది. ఇంటి లోన్‌కి పావు పర్సెంట్ వడ్డీ తగ్గుతుందని నాలుగు బ్యాంకులు తిరిగిన దానివి, బడి దగ్గరికొచ్చేసరికి ఒక్క అంకె చూసి సరిపెట్టుకున్నావా?

సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండాలి. టీకాల కాగితాలు, బర్త్ సర్టిఫికెట్, అడ్రసు రుజువు దగ్గర పెట్టుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

ఇళ్ళ సైట్లలో కనబడే ఆ తొమ్మిది ఎక్కువగా పరీక్షల మార్కుల మీద నడుస్తుంది. టెక్సస్‌లో రాష్ట్రం వాళ్ళు పెట్టే స్టార్ పరీక్ష మూడో గ్రేడ్ నుంచే మొదలు. అయిదో గ్రేడ్ దాకా ఉన్న స్కూల్లో మూడు గ్రేడ్‌ల పిల్లలు రాసిన పరీక్షతోనే మొత్తానికి పేరొస్తుంది. మీ పిల్ల కూర్చోబోయే కిండర్ గది గురించి అందులో ఒక్క ముక్క ఉండదు.

మనవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న అసలు పొరపాటు దీని తర్వాతది. స్టార్ ఫలితాల్లో పాసైనవాళ్ళకి కింది నుంచి పైకి మూడు మెట్లుంటాయి: అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ అంటే పాసయ్యారు కానీ పై గ్రేడ్‌లో సాయం కావాల్సి రావచ్చు. మీట్స్ అంటే ఆ గ్రేడ్ చదువు వచ్చినట్టే. ఒక స్కూల్లో లెక్కల్లో నూటికి 91 మంది అప్రోచెస్ గానీ ఆ పైమెట్టు గానీ అందుకున్నారు, మీట్స్ గానీ ఆ పైది గానీ అందుకున్నవాళ్ళు 52 అనుకో. పక్క స్కూల్లో అప్రోచెస్ 84, మీట్స్ 60. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఆ 91 ఒక్కటే, అదే చూసి జనం ఇల్లు కొనేస్తారు. నేనైతే రెండోదాని తలుపు తడతాను. ఇంకా దారుణం, ఒక స్కూలుకి అప్రోచెస్, ఇంకోదానికి మీట్స్ పక్కపక్కన పెట్టి పోల్చడం. కాలమ్ పైన ఏం రాసుందో ముందు చదువు. తర్వాత ఒక్క ఏడాది కాదు, మూడేళ్ళవి చూడు. మూడో గ్రేడ్‌లో 90 మందే ఉంటే, తొమ్మిది మంది పిల్లలు అటూ ఇటూ అయితే పది పర్సెంట్ మారిపోతుంది. ఆ తర్వాత తక్కువ ఆదాయం ఇళ్ళ పిల్లల వరుస విడిగా ఉంటుంది, రెండు స్కూళ్ళలో ఆ వరుసనే పోల్చు. మొత్తం అంకెలో ట్యూషన్ పెట్టించగల ఇళ్ళ బలం కూడా కలిసి ఉంటుంది. టీచరు ఎంత నేర్పుతోందో ఆ వరుసలో కొంచెం తేటగా కనబడుతుంది. అంకె బదులు నక్షత్రం గుర్తు పెట్టి దాచేశారంటే ఆ పిల్లలు మరీ తక్కువమంది అన్నమాట, దాన్నిబట్టి ఏమీ తేల్చకు.

ఒకే ఐఎస్‌డీలో, అంటే ఒక ప్రాంతం బడులన్నీ నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, సిలబస్ ఒకటే, జీతాల స్కేలు ఒకటే, సెలవులూ ఒకటే. తేడా అంతా ప్రిన్సిపాల్ దగ్గర, టీచర్లు ఎన్నేళ్ళు నిలుస్తున్నారన్న దగ్గర. రాష్ట్రం వాళ్ళు ఏటా పెట్టే టీఏపీఆర్ రిపోర్టులో స్కూలు వారీగా కొత్త టీచర్లు ఎంతమందో, ప్రిన్సిపాల్ అనుభవం ఎన్నేళ్ళో, ఏ గ్రేడ్‌లో గదికి సగటున ఎందరు పిల్లలో అన్నీ ఉంటాయి. స్టూడెంట్-టీచర్ రేషియో చూసి మురిసిపోకు. అందులో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ల లాంటి వాళ్ళనీ కలిపేస్తారు కాబట్టి గదిలో ఉండే పిల్లల కంటే తక్కువ కనబడుతుంది.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీ నాన్న బదిలీలతో రెండో తరగతి లోపు మూడు బడులు మారావు నువ్వు. మూడో బళ్ళో నెల రోజులు నోరు విప్పలేదు, డబ్బాలో అన్నం అలాగే తిరిగొచ్చేది. అది మీ పిల్లకి వద్దు. అందుకే సంతకానికి ముందే ఇంటి నంబరుతో సహా ఏ ఇల్లు ఏ స్కూలుకి వస్తుందో చూపించే డిస్ట్రిక్ట్ వాళ్ళ జోన్ పేజీలో కొట్టి చూడు. అడ్రసులో ఫ్రిస్కో అని ఉన్నా ఆ ఇల్లు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీల్లో దేనిలోనైనా ఉండొచ్చు. ఏజెంటు మాట నమ్మకు. కిండర్ నుంచి నాలుగో గ్రేడ్ దాకా మామూలుగా గదికి 22 మందే పరిమితి. దాటాలంటే చాలా చోట్ల డిస్ట్రిక్ట్ రాష్ట్రాన్ని మినహాయింపు అడగాలి. అందుకే నిండిపోయిన గ్రేడ్‌ని క్యాప్ చేసి, అంటే చేర్చుకోవడం ఆపేసి, కొత్తగా చేరినవాళ్ళని వేరే స్కూలుకి పంపుతుంటారు. కొత్త కాలనీల దగ్గర కొత్త స్కూలు లేస్తే జోన్ గీతలు మారతాయి, పాత కాలనీల్లో పిల్లలు తగ్గితే స్కూలే మూసేస్తారు. పక్కనున్న ప్లేనోలో 2025లో నాలుగు స్కూళ్ళు మూసేశారు కదా. బోర్డు మీటింగుల అజెండాలో "అటెండెన్స్ జోన్" అన్న మాట వెతుకు.

చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగని రాస్తే పిల్లకి ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. దానికి భయపడి అబద్ధం రాయకు. ప్రత్యేక తరగతి వద్దనుకుంటే వద్దనే హక్కు మీకుంది.

సోమవారం నువ్వు చూసిన స్కూలుకీ, దాని పక్క స్కూలుకీ ఫ్రంట్ ఆఫీసుకి ఫోన్ చేసి రెండే అడుగు: పోయినేడు కిండర్ క్యాప్ అయిందా, ప్రిన్సిపాల్ వచ్చి ఎన్నేళ్ళయింది? ఏం చెప్పారో రాత్రి నాకు చెప్పు, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ