మీ నేల – మీ సందేహం: బోరు బండి మట్టిని పరీక్షకు ఇవ్వొచ్చా?

ప్రశ్న: సార్, మాది నక్కవాగు పక్క ఊరు. వాగు ఒడ్డున మా మామగారికి రెండెకరాలుంది. చాలా ఏళ్ల కింద రాత్రిపూట ట్యాంకర్లు వచ్చి అక్కడ ఏదో పారబోసేవని ఊళ్లో అంటారు. ఇప్పుడు ఆకుకూరలు వేద్దామనుకుంటున్నాం. "ఎట్లాగూ బోరు వేస్తున్నాం కదా, వచ్చిన మట్టి ల్యాబ్‌కిద్దాం" అంటున్నాడు బోరు బండాయన. సరిపోతుందా? – ఓ పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

జవాబు: సరిపోదమ్మా. అలా తీసిన మట్టికి "అంతా బాగుంది" అని రిపోర్టు వచ్చినా నేను నమ్మను. నా ఉద్యోగమంతా ఇలాంటి నేలల్లో మట్టి తీయించడంలోనే గడిచింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మీ భయం ఊరికే కాదు. మీ నక్కవాగు పరిసరాల్లోని పటాన్‌చెరు–బొల్లారం ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఫ్యాక్టరీల మురుగునీటి ఉమ్మడి శుద్ధి ప్లాంటు వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని చూపారు. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు.

నీళ్ల బోరు బండిలో హ్యామర్ బండను పిండి చేస్తుంటే కంప్రెసర్ గాలి దాన్ని పైకి ఊదేస్తుంది. పది అడుగుల లోతు మట్టి, ముప్పై అడుగుల లోతు మొరం కలిసి ఒకే కుప్పగా పడతాయి. మందుల ఫ్యాక్టరీల సాల్వెంట్లు, అంటే తేలిగ్గా ఆవిరయ్యే ద్రావకాలు, ఏవైనా ఉంటే ఆ గాలికే ఎగిరిపోతాయి. పైగా కంప్రెసర్ ఆయిల్ తుంపరలు మట్టికి అంటుకుంటాయి. నేలలో ఉన్న విషం రిపోర్టులో కనబడదు, లేని ఆయిల్ కనబడుతుంది.

పై ఐదారు అడుగులకు చేత్తో తిప్పుతూ నేలను తొలిచే ఆగర్ అనే పనిముట్టు చాలు. లోతుకు వెళ్లాలంటే అపార్ట్‌మెంట్ పునాదులకు సాయిల్ టెస్టింగ్ చేసేవాళ్లను పిలవండి. వాళ్లు 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఒక గొట్టాన్ని దిగ్గొడతారు. ఆ గొట్టం నిలువునా రెండుగా విడిపోతుంది. విప్పితే నల్లరేగడి ఎక్కడ ఆగిందో, మొరం ఎక్కడ మొదలైందో కళ్లకు కడుతుంది. నీళ్లు పోస్తూ తవ్వొద్దని మాత్రం ముందే చెప్పండి. పునాదుల పనిలో అది వాళ్లకు అలవాటు, మన పనికి చేటు.

రేగడికి, మొరానికి మధ్య ఉన్న ఆ గీత దగ్గర తప్పకుండా నమూనా తీయించండి. రేగడి జిగట మట్టి, సీసం లాంటి లోహాలను పట్టుకుంటుంది. కానీ ఎండాకాలం నెర్రెలిస్తే పారబోసిన ద్రవం ఆ సందుల్లోంచి నేరుగా కిందికి జారిపోతుంది. పైన శుభ్రంగా కనిపించే చేను కింద మొరంలో చెడు ఉండటం అందుకే. మీరు వేసేది ఆకుకూరలు గనక పై అరడుగు మట్టిని కూడా విడిగా తీయించాలి.

ఎక్కడ తవ్వాలన్నది ఊళ్లో పెద్దవాళ్లనే అడగండి. ట్యాంకరు ఎక్కడ ఆగేది, వాగు పొంగితే నీళ్లు ఎంతదాకా వచ్చేవి, గడ్డి ఎక్కడ మొలవదు, ఇవన్నీ వాళ్లకు తెలుసు. వాగుకు దూరంగా, మెరక మీద ఒకటి తప్పకుండా తవ్వించండి. పోల్చుకోవడానికి అది లేకపోతే మిగతా అంకెలకు అర్థం ఉండదు. పని ఆ శుభ్రమైన చోటే మొదలుపెట్టి, అనుమానం ఎక్కువున్న చోటికి చివర్లో రావాలి. ప్రతి గుంతకూ ముందు పనిముట్లు సబ్బునీళ్లతో కడగాలి, ప్రతి నమూనాకూ గ్లౌజులు మార్చాలి. మట్టిని జీఐ (జింకు పూత ఇనుప) బకెట్లో వేయొద్దు, దాని జింకు మట్టికి అంటుతుంది. సాల్వెంట్ల పరీక్షకు గాజు సీసాను గాలి లేకుండా నింపి, ఐసు పెట్టెలో పెట్టి వెంటనే పంపండి. వాసన చూడటానికి మట్టిని ముక్కు దగ్గర పెట్టుకోకండి, నా మాట వినండి.

పని అయ్యాక గుంతను బెంటొనైట్‌తో (తడిస్తే ఉబ్బే బంకమట్టి) గానీ, సిమెంటు పాలతో గానీ అడుగు నుంచి పైదాకా పూడ్పించండి. తెరిచి వదిలేస్తే పైనున్న విషం భూగర్భ జలాల్లోకి దిగడానికి మీరే దారి వేసినట్టవుతుంది. చేలో పాత ఫెయిలైన బోర్లున్నా పూడ్పించండి. పిల్లలు పడి చనిపోతున్నారని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అయినా మన ఊళ్లలో ఇంకా నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. చూస్తే నాకు కడుపు మండుతుంది.

ప్రశ్న: ఈ పరీక్షల ఖర్చంతా మేమే పెట్టుకోవాలా? – అదే పాఠకురాలు

జవాబు: అక్కర్లేదు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డుకు పంపాలి, బోర్డు పరిశీలన చేయించాలి, కాలుష్యం చేసినవాళ్లే ఖర్చు భరించాలి. కలెక్టరేట్‌లో, ఆ బోర్డు ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ట్యాంకర్లను చూసినవాళ్లతో సంతకాలు పెట్టించండి. ఈలోగా సొంతంగా పరీక్ష చేయిస్తే క్రోమియం విషయంలో మొత్తం లెక్కతో ఊరుకోకుండా హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియం-6 అనే రూపం) విడిగా అడగండి, ప్రమాదకరమైనది అదే. నమూనా ఎవరు తీశారు, ఎవరి చేతికి ఎన్ని గంటలకు ఇచ్చారు అన్న కాగితం దగ్గరుంచుకోండి. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే ముందు అడిగేది అదే.